కాటాల మేస్త్రీ భయం బరువు

కాటాల మేస్త్రీ ఎంగిలి చేత్తో కాకిని తోలడని మార్కెట్లో అంటారు గానీ, ఆ మాట అన్యాయం. కూరగాయలమ్మే ముసలమ్మల త్రాసులు చెడిపోతే ఆయన ఊరికే బాగుచేసి పంపుతాడు. పిసినారి ఆ పని చేస్తాడా? ఆయన జబ్బు వేరు. పర్సు తెరిస్తే చాలు, గొంతు ఎండిపోతుంది, అరచేతులు చెమరుస్తాయి. బ్యాంకులో డబ్బు లేక కాదు. ఉంది. చెయ్యే రాదు.

ఆ చెయ్యి రాకపోవడం వల్ల రెండేళ్ళుగా నలుగుతున్నది ఆయన భార్య. ఆవిడకు చెవులు మందగించాయి. ఒకప్పుడు వీధిలో ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఇప్పుడు సొంత చెల్లెలు వచ్చినా వంటింట్లోంచి బయటికి రాదు. అందరూ నవ్వాక తను నవ్వాల్సి వస్తోందని సిగ్గు. చెవికి మిషను పెడితే సరిపోతుందని డాక్టరు చెప్పాడు. మేస్త్రీ మూడుసార్లు ఆ మిషన్లమ్మే దుకాణం మెట్లెక్కాడు. మూడుసార్లూ ధర విని, "మళ్ళీ వస్తానమ్మా" అని దిగొచ్చేశాడు. ఇల్లు మూగదైపోయింది. ఆవిడ పోట్లాట లేక ఆయనకూ అన్నం సయించడం లేదు.

ఒకరోజు సబ్బు కొనడానికి కొట్టుకి వెళ్ళాడు. పర్సు తీశాడో లేదో, గొంతు ఎండింది. సబ్బుకి కూడానా అని తన మీద తనకే విసుగొచ్చింది. వెనక్కి తిరగబోయి ఆగాడు. తూకం రాయి పెట్టగానే బరువు చదవకూడదు, ముల్లు ఊగి ఊగి నిలిచేదాకా ఆగాలి అని ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ చెబుతున్నాడు కదా, మరి ఈ ఊపు ఆగేదాకా తనెప్పుడైనా ఆగాడా? ఇదెక్కడిదాకా పోతుందో చూడాలనిపించింది. నింపాదిగా ఊపిరి పీలుస్తూ గమనించాడు. గొంతులో పుట్టింది, పొట్టలోకి దిగింది, మోకాళ్ళ దాకా పాకింది. ఆ తర్వాత దానంతటదే సద్దుమణిగింది.

"ఏంటి మేస్త్రీగారూ, సబ్బు కొంటారా, దానికి జాతకం చూస్తున్నారా?" అన్నాడు కొట్టువాడు.

"ఉండవయ్యా, నా పనిలో నేనున్నాను," అన్నాడు మేస్త్రీ.

ఇక ఆయనకు ఇదో పిచ్చి పట్టుకుంది. బస్సు టికెట్టు తీసినా, బల్బు కొన్నా, కరెంటు బిల్లు కట్టినా లోపల ఏం జరుగుతోందోనని తొంగి చూడటమే. వారం తిరక్కుండా ఒక వింత బయటపడింది. బల్బుకి ఎంత భయమేసిందో కరెంటు బిల్లుకీ అంతే వేసింది. చెవి మిషనుకీ అంతే కదా, పిసరంత కూడా ఎక్కువ లేదు! ఆయన నడిరోడ్డు మీద నవ్వేశాడు. ఆవగింజకీ గుమ్మడికాయకీ ఒకే బరువు చూపించే కాటాని ఎవరైనా తెస్తే తనేం చేస్తాడు? దాని మాట నమ్మడు. అంటే ఏది దండగో, ఏది అవసరమో ఈ భయానికి అసలు తెలియదన్నమాట. ఆ లెక్క తనే తేల్చుకోవాలి.

మర్నాడు భార్యను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. ధర చెప్పగానే భయం ఠంచనుగా వచ్చింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా. నాకు భయమేస్తోంది. తగ్గుతుందిలే," అన్నాడు.

ఇలాంటి మాట ఆ దుకాణంలో అమ్మాయి ఏనాడూ విని ఉండదు. పాపం, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. భయం మొత్తం పోలేదు, సగం పోయింది. మిగతా సగం భయంతోనే డబ్బు కట్టేశాడు.

మిషను పెట్టగానే ఆవిడ ఫ్యాను చప్పుడుకి ఉలిక్కిపడింది. కాసేపు అటూ ఇటూ చూసి భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, ఈమధ్య నెలనెలా నన్నేదో అడిగేవారు. వినపడక, ఊరికే తలూపేదాన్ని. ఏం అడిగేవారు?"

మేస్త్రీ ప్రాణం చివుక్కుమంది. ఆవిడ ఒప్పుకుంటోందనే ఇన్నాళ్ళూ నిశ్చింతగా నిద్రపోయాడు. అబద్ధం చెబుదామా అనుకున్నాడు గానీ నోరు రాలేదు.

"మిషను వచ్చే నెల కొందామా అని," అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

ఆవిడకు ప్రతి అక్షరం వినపడింది.

"సరే. ఇకనుంచి తలూపడాలుండవు," అంది.