వినడానికి ఫోన్ చేసే సార్

మధ్యాహ్నం క్లాసు మొదలుపెట్టే వేళకు నా ఫోన్ మోగింది. చూస్తే సార్ నంబరు. ఎప్పటిలాగే ఎత్తి, స్పీకరు పెట్టి, ఏమీ మాట్లాడకుండా బల్ల మధ్యలో ఉంచినాను. బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు కూడా ఎప్పటిలాగే దాన్ని పట్టించుకోలేదు. తెర మీద పాఠం మొదలైంది. అప్పుడు ఫోన్‌లోంచి ఎవరిదో కొత్త గొంతు వచ్చింది.

"హలో... అమ్మా, ఎవరన్నా ఉండారా ఆడ? నేను నంద్యాల నుంచి, సార్ ఉండే ఇల్లు గలాయన్ని. ఈయప్ప పొద్దున తలుపు తీయలేదమ్మా. మేమే తీసి చూసినాం. నిద్దట్లోనే పోయినాడు. ఎవురికి చెప్పాల్నో తెలీలే. ఫోన్‌లో ఎక్కువగా ఈ నంబరే అగపడింది."

తెర మీద పాఠం చెప్పే ఆయన చెప్పుకుంటూ పోతానే ఉన్నాడు. వాళ్ళలో రహమత్‌బీ అనే ఆమె లేచి పోయి ఆపింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మాది లైబ్రరీ అయినా సరే.

నేను ఆళ్ళగడ్డ శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ని. ఈడ పనిచేసేది నేనొక్కదాన్నే. చనిపోయిన సార్ నంద్యాలలో మా పై అధికారిగా చేసి రిటైరైనాడు. ఆయన పేరు రాయడం లేదు. ఈ క్లాసు గదికి ప్రారంభోత్సవం చేసినప్పుడు రాతి పలక మీద పేరు వేయిస్తామంటే, "వద్దు. నన్ను చూడను వస్తారా జనాలు? లోపలికి ఎట్ల రావాల్నో బాణం గుర్తు వేయించండి, అది మేలు" అన్న మనిషి. పలక వేయలేదు. బాణం గుర్తు మాత్రం గోడ మీద ఉంది.

కరోనా తగ్గినాక, లైబ్రరీల్లో ఆన్‌లైన్ చదువులు పెట్టాలి, ప్రతి శాఖా తన ప్రణాళిక రాసి పంపాలి అని మాకు ఉత్తర్వులొచ్చినాయి. నేనూ రాసి పంపినాను. కంప్యూటర్లు, కుర్చీలు, ఇంటర్నెట్, ఏసీ. నాలాగే అందరూ అవే రాసినారంట. సార్ మమ్మల్నందరినీ నంద్యాలకు పిలిచి, ఆ కాగితాలు బల్ల మీద పెట్టినాడు.

"ఏం కావాల్నో బాగా రాసినారు. ఎవురికి కావాల్నో ఒక్కరూ రాయలే."

ఆయనే కాగితాలు మావైపు తిప్పినాడు.

"మీ ఊర్లో చదువు మధ్యలో ఇడిసిపెట్టినోళ్ళు ఎవురు? వాళ్ళకు ఏ పొద్దు తీరిక? ఆ పొద్దు మన తలుపు తీసుంటాదా, మూసుంటాదా? పోయి కనుక్కోండి. కొనేది తరవాత."

ఆయన మాట తీరు అంతే. తిట్టినట్టే ఉంటుంది, తిట్టు కాదు. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ నాకు కోపమొచ్చింది. తెల్లవారి ఊర్లో పది ఇళ్ళు తిరిగేసరికి ఆ కోపం పోయింది. ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల వెనక, కుట్టుమిషన్ల అంగళ్ళలో, పాలకేంద్రం దగ్గర, ఇంటర్ సగంలో మానేసిన ఆడవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు అంతవరకు తెలియదు. వాళ్ళకు తీరిక దొరికేది మధ్యాహ్నం. మేం లైబ్రరీ మూసిపెట్టేది కూడా సరిగ్గా మధ్యాహ్నమే.

సార్ వేసిన ప్రణాళికలో మొదటి ఏడాది ఒక్క ఊర్లోనే పని. అదీ ఆళ్ళగడ్డలో. పైవాళ్ళతో జరిగిన మీటింగులో నేను వెనక వరసలో ఉన్నాను. "అన్ని చోట్లా ఒకేసారి ప్రారంభిస్తే పోలా?" అని అడిగినారు. "అన్ని చోట్లా ఒకేసారి మూతపడతాయి సార్" అన్నాడు. కొందరు నవ్వినారు. ఆయన నవ్వలేదు.

బయటికొచ్చినాక, మా ఊరే ఎందుకని అడిగినాను. "ఆళ్ళగడ్డే యాల సార్? మాది పాత కట్టడం. లోపల ఫోన్లు పలుకుతాయి గానీ నెట్టు సిగ్నలే రాదు."

"అందుకే మ్మా. ఆడ నిలబడితే యాడన్నా నిలబడతాది."

తరవాత వారం మా లైబ్రరీకి వచ్చినాడు. వచ్చి నా కుర్చీలో కూర్చోలేదు. గదిలో ఉన్న ప్రతి కుర్చీలోనూ ఒకసారి కూర్చున్నాడు. ఫ్యాను గాలి తగులుతుందా, కిటికీ వెలుతురు తెర మీద పడి కళ్ళు చికిలించాల్సి వస్తుందా, లేచిపోవాలంటే పక్కవాళ్ళను లేపాల్సి వస్తుందా, అన్నీ చూసుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో ఒక్కో కుర్చీ తుడిచి లేచినాడు. ఆ తరవాత కూడా వచ్చినప్పుడల్లా అదే పని. చక్కెర లేని టీ ఒకటి తాగి, మళ్ళీ కుర్చీలు.

సిగ్నలు సంగతికి ఆయన చెప్పిన ఉపాయం తేలిక. పొద్దున్నే నేను బయట వరండాలో నిలబడి ఆ రోజు పాఠాలు దించుకోవాలి. మధ్యాహ్నం లోపల అవే నడపాలి. "నెట్టు పోయినప్పుడు కూడా నడిచేదే ప్లాను మ్మా. మిగిలిందంతా ఆశ" అనేవాడు.

ఇంత చేసినా మొదటి ఏడాది మేం ఓడిపోయినాం. మొదట్లో గది నిండా వచ్చినారు. తలా ఒక కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోన్లు. వారాలు గడిచేకొద్దీ ఒక్కొక్కరే తగ్గినారు. చివరికి నేనూ, కంప్యూటర్లూ మిగిలినాము. మధ్యాహ్నం పూట తలుపు తీసిపెట్టుకుని ఎవరన్నా వస్తారేమోనని వాకిలి వైపు చూస్తా కూర్చునేదాన్ని. ఖాళీ లైబ్రరీ నాకు కొత్త కాదు. వచ్చి మానేసినవాళ్ళు వదిలిపోయిన ఖాళీ మాత్రం వేరే. పైవాళ్ళు వచ్చి చూసి, సామాను ఇంకో చోటికి మారుస్తామన్నారు. సార్ ఆరునెలల గడువు అడిగినాడు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. ఆ రోజు రెండు చేతులూ బల్ల మీద ఆనించి అడిగినాడు.

"పద మ్మా, పోయి రానోళ్ళని అడుగుదాం" అన్నాడు నాతో. "వచ్చేటోళ్ళు మర్యాదకు బాగుందంటారు. రానోళ్ళే నిజం చెప్తారు."

అట్లా సిరివెళ్ళకు పోయినాం. రహమత్‌బీది ఆ ఊరు. రోజూ ఆళ్ళగడ్డకు వచ్చి టైలరు అంగట్లో జాకెట్లు కుట్టి పోయేది. ఇంటర్ ఫెయిలై ఆపేసిన చదువు ఓపెన్ స్కూల్లో కట్టి, మా క్లాసుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపేసింది. మమ్మల్ని చూసి బెదిరిపోయింది.

"ఏం తప్పు జేసినా సార్?"

"నువ్వేం జేయలేదు మ్మా. మేం ఏం జేసినామో చెప్పు. యాల మానేస్తివి?"

 చాప వేసింది, నీళ్ళిచ్చింది. సార్ చాప మీద కూర్చున్నాడు. తొందరపెట్టలేదు.

"అవి చెవులకు తగిలించుకుంటే చెవుడొచ్చినట్టుంది సార్" అనింది చివరికి. "చుట్టూ అంతమంది ఉండారు, ఒక్కరి మాటా ఇనపడదు. నాకు అర్థం కాలేదా, అందరికీ కాలేదా, అది కూడా తెలీదు. నాదే మొద్దుతనం అనుకుంటి. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటా. ఆడికొచ్చి కూడా ఒక్కదాన్నే ఉండాల్నా?"

సార్ తల దించుకున్నాడు. దారిలో బస్టాండు దగ్గర నిలబడినప్పుడు, ఆయన తన సంగతి ఒకటి నాతో చెప్పినాడు. మొదటిసారీ చివరిసారీ అదే. ఆయన భార్య పెళ్ళయినాక దూరవిద్యలో బి.ఏ. కట్టిందంట. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. వంటయినాక గోడకానుకుని ఒక్కతే చదువుకునేదంట. ఒక ఏడాది మాత్రం, వచ్చిన పుస్తకాల కట్ట విప్పలేదంట.

"యాల మానేస్తివే అని నేను అడగలే మ్మా. లైబ్రరీలో పనిచేసేటోన్ని. ఊర్లో అందరికీ పుస్తకాలు తీసిచ్చేటోన్ని."

అప్పటికి ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఆయన నంద్యాలలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఆదివారం చర్చి, మిగిలిన రోజులు లైబ్రరీ. బస్సు వచ్చింది. ఇద్దరం ఎక్కినాం. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

సిరివెళ్ళ నుంచి వచ్చినాక ప్రణాళిక అంతా మారిపోయింది. హెడ్‌ఫోన్లు తీసేసినాం. కంప్యూటర్లు పక్కకు జరిపి, పెద్ద బల్ల ఒకటి మధ్యలో వేసి, ఒకే తెర పెట్టినాం. పాఠం రోంతసేపు, ఒక పది నిమిషాలు, నడుస్తుంది, ఆపుతాం. అర్థమైనవాళ్ళు కానివాళ్ళకు చెప్పాలి. ఎవరికీ కాకపోతే రాసిపెట్టుకుని, కాలేజీ లెక్చరరు ఒకామె శనివారం వచ్చినప్పుడు అడగాలి. "క్లాసు ఆన్‌లైన్‌లో ఉండనీ. మనిషి మాత్రం పక్కనుండాల" అన్నాడు సార్. గోడ మీద రాయదగ్గ మాట. రాస్తానంటే ఒప్పుకోలేదు.

రహమత్‌బీ వచ్చింది. ఆమెను చూసి పాలు పోసే సుబ్బమ్మ వచ్చింది. గడువు ముగిసేసరికి బల్ల చాలక చాప వేసినాం. సామాను మార్చడానికి ఎవరూ రాలేదు. తరవాతి ఏడాది ఇంకొన్ని ఊర్లలో అట్లాంటి బల్లలే వేసినారు. సార్ పేరు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

రిటైరైనాక కూడా మంగళవారం మంగళవారం బస్సెక్కి వచ్చేవాడు. తరవాత గుండె జబ్బు చేసింది. డాక్టర్లు తిరగవద్దన్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసినాడు.

"ఏం జేస్తాండారు మ్మా?"

"క్లాసు జరుగుతాంది సార్."

"అయితే మాట్లాడొద్దు. ఫోన్ బల్ల మీద పెట్టు. రోంతసేపు వింటాంటా."

అప్పటి నుంచి రోజూ అదే. సలహా లేదు, ప్రశ్న లేదు. కుర్చీలు జరపడం, పేజీలు తిప్పడం, ఒకరి తప్పు ఇంకొకరు దిద్దడం, ఇవన్నీ నంద్యాలలో ఆ గదిలో పడుకుని ఆయన వినేవాడు. ఒక్కోసారి లైను తెగిపోయిందేమో అనుకునేవాళ్ళం. అంతలో చిన్న దగ్గు వినపడేది. సుబ్బమ్మ "సార్ ఉండాడులే" అని మళ్ళీ పుస్తకంలోకి వంగేది.

పోయే ముందు రోజు కామర్సు పాఠం. ఆస్తులు, అప్పులు. తెర ఆపినాక సుబ్బమ్మ అడిగింది. "ఎనుము ఆస్తినా, అప్పా?"

"ఆస్తే కదక్కా" అనింది రహమత్‌బీ.

"మా ఎనుము పాలియ్యదు. రోజూ గడ్డి తింటాది, దాణా తింటాది. నా మొగుని మాదిరే. అది ఆస్తి ఎట్లయితాదే?"

గది గదంతా నవ్వింది. ఫోన్‌లోంచి కూడా నవ్వు వచ్చింది, దగ్గుతో కలిసి. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఆ రోజు మాట్లాడినాడు. "సుబ్బమ్మా, పరీక్షలో ఎనుము గురించి రాయి. మొగుని గురించి రాయొద్దు." మళ్ళీ నవ్వులు. నేను ఆయన గొంతు విన్నది అదే చివర.

మరుసటి రోజే ఇల్లు గలాయన ఫోన్. ఆ మరుసటి రోజు మేమంతా నంద్యాలకు పోయినాం. చర్చివాళ్ళు చాలామందే వచ్చినారు. ఆయన తమ్ముడు హైదరాబాదులో మంచం మీద ఉన్నాడంట, రాలేకపోయినాడు. సమాధుల తోటలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు విడివిడిగా నిలబడి ఉన్నారు. ఒక ఆటో డ్రైవరు, బనగానపల్లె నుంచి వచ్చిన ఒక టీచరమ్మ, యూనిఫాంలో ఒక నర్సు. అడిగితే, అందరూ సార్ చదివించినవాళ్ళే. ఒకరికొకరు తెలియరు. ఇంతమంది మనుషులున్న సార్ ఆ గదిలో ఒక్కడే ఎట్లా ఉన్నాడో నాకు అర్థం కాలేదు. మాలో ఎవరమన్నా పోయి ఆ తలుపు కొట్టి ఉండొచ్చు. ఆయన పిలవలేదు. మాకు తట్టలేదు.

ప్రార్థన ముగిసింది. పాట ముగిసింది. పాస్టరు గారు మెల్లగా అన్నారు. "కుటుంబ సభ్యులు ముందుగా మట్టి వేయండి."

ఎవరూ కదలలేదు. గాలికి శవపేటిక మీది పూలు రాలి గోతిలో పడుతున్నాయి. పాస్టరు గారు ఇంకోసారి చుట్టూ చూసినారు. నేను అడుగు వేయాలనుకున్నాను, ఆయనకు నేనేమవుతానని ఆగిపోయినాను.

రహమత్‌బీ తల మీద కొంగు సరిచేసుకుని ముందుకు పోయింది.

"మేం వేయొచ్చా అయ్యా?"

"మీరు ఏమవుతారమ్మా ఆయనకు?"

ఆమె కొంచెం తడుముకుంది. "నేను చదువు మానేస్తే మా ఇంటికొచ్చి, యాల మానేస్తివి అని అడిగినాడయ్యా."

పాస్టరు గారు పక్కకు తప్పుకుని దారి ఇచ్చినారు. ఆమె వంగి పిడికెడు మట్టి తీసుకుని వేసింది. వెనకాలే సుబ్బమ్మ, నేను, నర్సు, ఆటో ఆయన. ఒకరి వెనక ఒకరం, పేర్లు తెలియనివాళ్ళం.

సాయంత్రం తిరుగు బస్సెక్కినాం. సుబ్బమ్మ నంద్యాలలో చెల్లెలింట్లో ఆగిపోయింది. మిగిలినవాళ్ళు దారిలో వాళ్ళ వాళ్ళ ఊర్లకు దిగిపోయినారు. సిరివెళ్ళలో రహమత్‌బీ దిగింది. దిగి ఊర్లోకి పోలేదు. రోడ్డు పక్కనే నిలబడి, కిటికీలో నన్ను చూస్తా ఉంది. చేయి ఊపలేదు. నేనూ ఊపలేదు. బస్సు కదిలింది. నల్లమల వైపు కొండలు నీలంగా మారి చీకట్లో కలిసిపోతున్నాయి. నేను మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆమె చీర రంగు తెలియకుండా పోయింది, తరవాత మనిషి తెలియకుండా పోయింది. ఖాళీ రోడ్డు మాత్రం చాలా దూరం వరకు కనిపించింది.