వాన గీతకూ ఆకలి గీతకూ భేటీ

హజరత్ వలికి తెలిసిన విద్య ఒక్కటే, గోడకు రంగు వేయడం. మొహర్రం నెల వస్తోందంటే పత్తికొండ చుట్టుపక్కల పీర్ల చావిళ్లన్నిటికీ అతనే కావాలి. పులులు గీసేవాడు, జెండాలు గీసేవాడు, గుర్రాలు గీసేవాడు. గుర్రాలకు ఒక్కోసారి ఐదు కాళ్లు వచ్చేవి. ఎవరైనా ఇదేమని అడిగితే, "పరిగెత్తే గుర్రానికి లెక్కేందప్పా" అనేవాడు. ఊరు కూడా సరేననేది.

ముప్ఫైల నాటి కరువులో చావిడి గోడల సంగతి ఎవరికి పడుతుంది? సర్కారు గుండ్లమిట్టలో కరువు పని పెట్టింది. రాళ్లు కొట్టి రోడ్డుకు కంకర చేయాలి. వలి భార్య మౌలాబీ సుత్తి పట్టింది. ఆమె కూలితోనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. తనది బొమ్మలు గీసే చేయి, రాళ్లు కొడితే పాడవుతుందని వలి చెప్పుకునేవాడు. మౌలాబీ ఆ మాటకు నవ్వేది కూడా కాదు.

అంతలో తాసిల్దారుకు ఒక సరదా పుట్టింది. మద్రాసులో ఏదో ఆఫీసులో ఒకే పటం మీద రెండు గీతలు చూసొచ్చాడట.

"పెద్ద దొరలు వస్తారు. కాగితాలు చదివే ఓపిక వాళ్లకు ఉండదు. చూడగానే తెలిసిపోవాలి," అని వలిని పిలిపించాడు.

క్యాంపు కచేరీ గోడకు ఎడమ అంచున అప్పటిదాకా పడిన వాన అంగుళాల్లో, కుడి అంచున కూలీల సంఖ్య, అడుగున వారాలు రాయాలి. వారం వారం రెండు గీతలనూ పొడిగించాలి. కుడివైపు అంకెలు ఎక్కడ మొదలవ్వాలో, అంగుళానికి ఎంత జాగా ఇవ్వాలో తాసిల్దారు చెప్పలేదు. ఆయనకూ తెలియదనే నా అనుమానం.

వాన పడితే పచ్చన కాబట్టి దానికి ఆకుపచ్చ, ఆకలి మండుతుంది కాబట్టి కూలీలకు ఎరుపు వేశాడు వలి. చిక్కంతా అక్కడే వచ్చింది. మా సీమలో పచ్చ హసన్ పీరుది, ఎరుపు హుసేన్ పీరుది. పండగనాడు రెండు పీర్లూ చెరో వీధి నుంచి వచ్చి, చావిడి ముందు ఒకదాన్నొకటి తాకుతాయి. దాన్నే భేటీ అంటారు. హిందువులూ ముసల్మానులూ ఆ గడియ కోసం కాళ్లు నొప్పి పుట్టేదాకా నిలబడతారు. భేటీ జరగకపోతే ఊరికి కీడని వాళ్ల భయం.

రెండో వారానికే గోడ ముందు జనం చేరారు. ఎర్రగీత పైన, పచ్చగీత కింద. తప్పెట కొట్టే ఈరప్ప రోజూ వచ్చి పోరేవాడు.

"ఏమప్పా వలీ, భేటీ ఎప్పుడు?"

"వాన పడల్ల గదా ఈరప్పా."

"వాన పైనోని చేతిలో ఉండాది. కుంచె నీ చేతిలోనే ఉండాది గదా!"

వలి మెత్తని మనిషి, నలుగురు అడిగితే కాదనలేడు. ఒక ఉదయం గోడకు సున్నం కొట్టి అంతా కొత్తగా గీశాడు. వాన అంగుళానికి మూరెడు జాగా ఇచ్చాడు. కుడివైపు అంకెలను సున్న నుంచి కాకుండా రెండు వేల నుంచి మొదలుపెట్టాడు. ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. ఆ వారమే అంగుళమున్నర వాన పడింది. విత్తనం వేద్దామని కొందరు చేలకు పోయారు, మూడు వేల కూలీల్లో నాలుగు వందల మంది తగ్గారు. గోడ మీద మాత్రం పచ్చగీత ఎగిరి లేచింది, ఎర్రగీత కాలు జారింది. రెండూ నడుమ కలిసి, ఒకదాన్నొకటి దాటాయి.

ఈరప్ప తప్పెట మోగించాడు. రాళ్లు కొట్టే లక్ష్మక్క టెంకాయ కొట్టింది. పీర్లకు చదివించే తీపి మలీదాకు బెల్లం లేక ఉత్త జొన్నపిండి పంచారు.

తాసిల్దారు ఆ చప్పుడుకు బయటికొచ్చి గోడ చూసి పొంగిపోయాడు. "వాన ఆకలిని దాటేసింది! కరువు తీరింది!" అన్నాడు. శనివారం నుంచి పని మూసేయమని అక్కడికక్కడే ఉత్తరువు రాశాడు.

మౌలాబీ ఇంటికొచ్చి సుత్తిని మొగుడి ముందు పడేసింది.

"అంగుళమున్నర వానకు దుమ్ము అణిగింది, అంతే. రెండు వేల ఆరునూర్ల మందిమి ఇంకా ఆడ్నే రాళ్లు కొడతాండాం. నీ గోడ మీద మేము యాడికి పోయినాం?"

గుర్రానికి ఐదో కాలు గీస్తే ఎవరి అన్నమూ పోలేదు. ఈసారి పోయింది. వలి సిగ్గుతో ఏడ్చాడు. పొద్దున్నే కుంచె, రంగులు తీసుకుని కచేరీకి పోయాడు.

"దొరా, ఆ భేటీ నేను పెట్టింది."

"అంకెలు తప్పా?" అన్నాడు తాసిల్దారు.

"అంకెలు సరిగానే ఉండాయి. వాటిని కూర్చోబెట్టిన చోటు నాది."

"అంకెలు సరైనవే అయితే గీతలు అబద్ధమెలా ఆడతాయయ్యా?"

వలి కుడివైపు అంకెలు చెరిపి, వేరే ఎడంతో రాసి, ఎర్రగీత మళ్లీ గీశాడు. ఈసారి గీతలు కిందటి నెలలోనే కలిశాయి. మళ్లీ చెరిపి గీశాడు. ఒక్క చినుకూ పడని వారంలో కలిశాయి. తాసిల్దారు కుర్చీ పట్టుకున్నాడు.

"ఏ వారంలో కలపమంటారు దొరా? నాకు ఏదైనా ఒగటే."

"అసలు కలపొద్దు!" అని అరిచాడు తాసిల్దారు. "దేని గోడ దానికి! రెండూ సున్న నుంచే!"

తూర్పు గోడ మీద వాన, పడమటి గోడ మీద ఆకలి వెలిశాయి. మామూలు ఏడాదిలో పడే వాన ఎంతో అదే తూర్పు గోడకు పై అంచు. పచ్చగీత మోకాలు దాటలేదు. పడమటి గోడ మీద ఎర్రగీత మనిషి తలకు పైనే ఉంది. తాసిల్దారు ఇటూ అటూ తలతిప్పి చూసి, మెడ పట్టేసి, మూలుగుతూ ఉత్తరువు చించేశాడు.

పని మూతపడలేదు, కానీ ఊరు వలిని క్షమించలేదు. కలిసిన పీర్లను విడదీసిన మనిషి అన్నారు. ఆ ఏడు ఏ చావిడీ అతన్ని పిలవలేదు. ఈరప్ప ఎదురొస్తే మొహం తిప్పుకున్నాడు. చివరికి ఒక సోమవారం మౌలాబీ పక్కన కూర్చుని వలి కూడా సుత్తి పట్టాడు. మొదటి దెబ్బ వేలి మీదే పడింది.

సాయంత్రం కూలి తీసుకుని, వాచిన వేలితోనే కుంచె పట్టుకుని, పడమటి గోడ మీది ఎర్రగీతను తన కోసం వెంట్రుకవాసి పైకి జరిపాడు.