పదివేల ఎనిమిదో పలక

"ఇంజనీరు గారూ, మీ లెక్క యాభై దగ్గరే ఆగిపోయిందేం?" అని టైల్స్ మేస్త్రి అడిగేసరికి, ఫ్యాక్టరీ వాకిలి ఊడుస్తున్న పెద్దమ్మ చీపురు ఆపి మరీ విన్నది.

పనివాళ్లందరి పేర్లూ మనిషికొక పలక చొప్పున ముందు గోడకు అతికించాలని మేనేజరు ముచ్చటపడ్డాడు. జాబితాలో పేర్లు తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఒకటి. వరసలన్నీ సమానంగా ఉండాలి, ఖాళీ పలక కనపడకూడదు. ఇంజనీరు యాభై దాకా భాగించి, విసుగుపుట్టి, "ఇది దేనికీ లొంగదు, ఒక పేరు తీసేద్దాం" అన్నాడు. తన పేరు తీసేద్దామని మాత్రం అనలేదు.

మేస్త్రిని అందరూ రసమట్టం అంటారు. అన్నం పళ్లెం కూడా ఓ కన్ను మూసి, వాలు చూసుకుని గానీ ముట్టడు. ఆయన సుద్దముక్కతో నేలమీద పెద్ద చదరం గీశాడు.

"నూరు వరసలు, వరసకు నూరు. పదివేలు. మనకు తొమ్మిది తక్కువ, అంటే ఈ మూల మూడుకు మూడు గడులు కొరికేసినట్టు. కొరికినచోట మూడు పొట్టి వరసలు మిగిలాయా? వాటిని ఊడదీసి పక్కన నిలువుగా నిలబెట్టండి. తొంభై ఏడు వరసలు, వరసకు నూటమూడు. ఎవడి పేరూ పోలేదు!"

ఇంజనీరు రెండుసార్లు గుణించి తల గోక్కున్నాడు. మేనేజరు, తానూ అదే అనుకుంటున్నానన్నాడు. రసమట్టానికి ఆ రోజు నుంచి నేలమీద కాలు ఆనలేదు. ఊరందరికీ నేలలు పరిచే ఈయన ఇంట్లో వంటగది మాత్రం ఇంకా మట్టినేలే అని ఆయన పెళ్లాం గుర్తు చేస్తూనే ఉంది.

తీరా చూస్తే ఊడ్చేవాళ్లు పదహారుమందిలో ఒక్కరి పేరూ జాబితాలో లేదు. పెద్దమ్మ నేరుగా మేనేజరు గదికే వెళ్లింది.

"ఇన్నేళ్లూ మేం ఊడ్చింది మీ ఫ్యాక్టరీ కాదా బాబూ?"

"మీతో కలిపితే పదివేల ఏడు. సమంగా కూర్చగలిగితే పెట్టిద్దాం" అన్నాడు మేనేజరు.

ఇంజనీరు ఈసారి పుట్టి ఎరగనంత శ్రద్ధగా నూరు దాకా భాగించాడు. నూరు దాటిన సంఖ్యతో శేషం లేకుండా పోవాలంటే దాని జోడు నూరులోపే దొరకాలట. దొరకలేదు. "ప్రధాన సంఖ్య పెద్దమ్మా! గణితమే ఒప్పుకోవట్లేదు, నేనేం చేయను?" అన్నాడు, చేతులు దులుపుకుంటూ. ఆ దుమ్ము కూడా ఆవిడే ఊడ్చింది.

రసమట్టం నాలుగు రోజులు విరిగిన టైల్స్ ముక్కలు పేర్చి చూశాడు. ఎటు పేర్చినా ఏవో మిగిలేవి. ఐదోరోజు పెద్దమ్మ దగ్గరికొచ్చి చతికిలబడ్డాడు.

"అది మొండిఘటం అక్కా. అచ్చం నీలాగే."

"నాలాగైతే ఈపాటికి ఇంజనీరు చెవి మెలేసేది."

"ఇంకొక్క పేరు కలిస్తే ఇట్టే లొంగుతుంది. డెబ్బై రెండు వరసలు, వరసకు నూట ముప్పై తొమ్మిది."

"ఇంకెవరున్నారు? మేం పదహారుమందిమేగా!"

ఆయన శుభ్రంగా ఉన్న తాపీనే మళ్లీ గుడ్డతో తుడిచాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి షెడ్డులోనూ నేల పరిచింది ఆయనే. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఏ జాబితాలోనూ లేడు. పెద్దమ్మ ఆయన మోకాళ్ల మీది కాయల వంక చూసింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! నీకూ నోరుందిగా తమ్ముడూ, నువ్వే అడుగు."

"నేనడిగితే నా పేరు కోసమే లెక్క తిప్పానంటారు. రేపు మేనేజరుకు నువ్వు చెప్పక్కా. ఏదో లెక్క కుదరడానికని చెప్పు."