గోతాల కట్టతో వాడరేవుకి

డెబ్బై మూడేళ్ల వయసులో నేను వాడరేవు దగ్గర అలల్లో ఇరుక్కున్న పడవను ఒడ్డుకు లాగాను. నమ్మకపోతే పడవ యజమాని పోలయ్యనే అడగండి. చిలకలూరిపేట పక్క మిరప రైతు సముద్రం మీద ఇంతకన్నా ఏం సాధిస్తాడు?

అసలు బయలుదేరింది రెండు పనుల మీద. కల్లంలో కాయలు ఎండాయి, తొక్కడానికి గోతాలు కావాలి. చీరాలలో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న మా ఆవిడకు కొత్త కళ్లజోడు తెచ్చుకోవాలి. "కళ్లజోడు పెట్టుకోగానే నాకు సముద్రం చూపించు. నీ మొహం తర్వాత చూడొచ్చు" అని ఆవిడ షరతు పెట్టింది. అబ్బాయి కల్లం దగ్గర ఉండిపోయాడు. కారు తోలింది మా కోడలు కుమారి.

పొద్దున్న ఆరున్నరకు ఇల్లు వదిలాం. పేటలో పత్తి లారీల వెనక నలిగి, గోతాల కొట్టు చేరేసరికి ఏడు దాటింది. వెళ్లేవాళ్లకు ఒక మాట: కట్ట విప్పించి చూసుకోండి, పైవి కొత్తవైనా లోపలివి పాతవి కావచ్చు. మా కట్ట డిక్కీలో పట్టక సగం మా ఆవిడ కాళ్ల దగ్గరకు చేరింది. పర్చూరులో ఇడ్లీ తిన్నాం. చట్నీలోది మన కారం కాదని నేను అంటే, వడ్డించేవాడు "తాతగారూ, టిఫిన్ చేస్తున్నారా, కాయలకు రేటు కడుతున్నారా?" అన్నాడు.

పదింటికి చీరాల. కళ్లజోడు పెట్టుకుని మా ఆవిడ షరతు మరిచి ముందు నన్నే చూసింది. "ఇన్నాళ్లూ మీసానికి రంగు ఇంత అడ్డదిడ్డంగా వేసుకుంటున్నావా?" అంది. కళ్లజోడు ఆలస్యంగా చేయించి ఉండాల్సింది.

వాడరేవులో లైట్‌హౌస్ చూపించి, "ఈ దీపం మన పేట దాకా కనపడుద్ది" అన్నాను.

"కనపడదు" అంది ఆవిడ, తల తిప్పకుండానే. సముద్రం చూస్తూ చాలాసేపు నిలబడింది. "మన చేను గట్టు దగ్గర ఆగుద్ది. ఇది ఆగదేంటయ్యా?"

ఇక్కడ వేట నుంచి వచ్చిన పడవలను మోకు కట్టి ట్రాక్టరుతో ఇసుక మీదికి లాగుతారు. ఆ రోజు ట్రాక్టరు తోలే మనిషి ఊళ్లో లేడు. బదులు ఎక్కినవాడు యాక్సిలరేటర్ తొక్కి రేజ్ ఇచ్చీ ఇచ్చీ వెనక టైర్లను తడి ఇసుకలో ఇరుసు దాకా పూడ్చేశాడు. మోకు చివర పడవ అలలకు అడ్డం తిరిగిపోయింది. ఒడ్డున పోలయ్య తల పట్టుకున్నాడు. "ఇంకో నాలుగు అలలు కొడితే బోల్తానే బాబాయ్. ఇంజనూ వలా దాంట్లోనే ఉన్నాయి."

మా ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "ఏవయ్యా, అందులో మనుషులున్నారు!" నిజమే, ఇద్దరు అంచు పట్టుకుని వేలాడుతున్నారు.

కుమారి చీర కొంగు దోపుకుని, "అత్తయ్యా, కారులో గోతాలు తీసి ఇటివ్వండి" అంది.

అవి కొత్త గోతాలు. ఒక్కసారి ఉప్పునీళ్లు తాగాయంటే చెమ్మ లాగుతాయి, అందులో తొక్కిన కాయ బూజు పడుతుంది. ఆ సంగతి మా ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. ఆవిడే కట్ట తాడు పళ్లతో పీకింది.

కుమారి ట్రాక్టరు ఎక్కబోతుంటే, "ఆడకూతురు తోలుద్దా?" అన్నాడు ఎవరో.

"మా కోడలు ట్రాక్టరు తోలకపోతే మా కాయ కల్లం చేరదు. తప్పుకో" అంది మా ఆవిడ.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పైన 'లాగాను' అని రాశాను. సీట్లో కూర్చున్నది నేను కాదు, కుమారి. కానీ పక్కన నిలబడి ఎలా తోలాలో చెప్పింది నేనే. కుమారి టైర్ల ముందు ఇసుక తోడించి, గోతాలు పరిపించి, మోకు వదులు చేయించి, లో గేరులో మెల్లగా కదిలించింది. వానకు నానిన నల్లరేగడిలోంచి మేం ట్రాక్టరు తెచ్చుకునేది అలాగే. టైర్లు గోతాల మీదికి ఎక్కాయి, మోకు బిగిసింది, పడవ ముక్కు ఒడ్డుకు తిరిగింది. కాసేపటికి ఆ ఇద్దరూ ఇసుక మీద కూలబడి దగ్గుతున్నారు. ఇందాక ఆడకూతురా అన్నవాడే కుమారికి నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. నా ఛాతీ లైట్‌హౌస్ అంత పెరిగింది.

తడిసిన గోతాలను ఎండుచేపలకు ఉంచుకోమన్నాం. పోలయ్య మాకు రెండు చందువ చేపలు ఇచ్చాడు. ఆ తర్వాత రోజంతా నేను వట్టి కాళ్లతోనే తిరిగాను. గంగమ్మ తల్లి దగ్గర చెప్పులేసుకోకూడదని పెద్దలు చెప్పేవారు.

మూడింటికి తిరుగుదారి పట్టాం. కారంతా చేపల వాసన. పేటలో మళ్లీ గోతాలు కొనాలి. పర్చూరు టీకొట్టులో పక్క బెంచీ మీద ఉన్నాయనకు కథంతా చెప్పాను. "నేను చెప్పింది చెప్పినట్టు చేసింది కాబట్టి పడవ బయటపడిందండీ" అని ముగించాను.

మా ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఈయన రేజ్ ఇవ్వమని అరిచాడండీ. మా కోడలు ఇవ్వలా. అందుకే ఆ ఇద్దరూ బతికారు. ఈయన సముద్రంలోంచి లాగబోయింది తన ఎడమకాలి చెప్పు. అదీ రాలా."