కాలు కేసు ఓబుళేసు

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో అంచులకు నునుపు పట్టడంలో ఓబుళేసును మించినవాడు లేడు. కానీ ఆయన పేరు నిలిచింది వైద్యవిద్యలో. పడుచు వయసులో తొడ మీద బండ పడి ఎముక విరిగితే నాటు కట్టు కట్టించుకున్నాడు. రెండు నెలలు ఉంచమన్న కట్టును, పనికి పోవాలని పద్దెనిమిదో రోజున తానే విప్పేశాడు. ఎముక తనకు తోచిన వంకరలో అతుక్కుంది. ఆ వంకర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ కంటబడింది. అప్పటినుంచి పదకొండేళ్లు, చివరి ఏడాది పిల్లల ప్రాక్టికల్ పరీక్షలో ఎముకల విభాగం మంచం మీద ఆయనే ప్రశ్న, ఆయనే జవాబు.

ప్రొఫెసర్ అటు తిరగ్గానే ఓబుళేసు గొంతు తగ్గించేవాడు.

“ఏమప్పా, అట్ల చెమట్లు కారతాండాయి నీకు? ఇను. తొడెముక వంకరగా అతుక్కునింది. రెండున్నర సెంటీమీటర్లు పొట్టి. టేపు మాత్రం ఊరికే ఆనించు, సారు చూస్తాండాడు.”

అందరూ పాసయ్యారు. అందరి కాగితాల్లోనూ రెండున్నరే. అన్నేళ్లలో ఆ టేపుకు కాలి పొడవు తెలుసుకునే అవసరం ఒక్కసారీ రాలేదు. “జిల్లాలో సగం మంది డాక్టర్లు నా కాలి మింద నిలబడినోళ్లే” అని భార్య సిద్దమ్మ దగ్గర మీసం తిప్పేవాడు.

ఒక వేసవిలో కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. మిషన్ మీద పట్టు జారుతోంది. చెయ్యి పోతే పని పోయినట్టే. ఆ కాలేజీ ఆసుపత్రికే మూడుసార్లు పోయాడు. ఓపీలో ఉన్న కుర్ర డాక్టర్లు ముగ్గురూ ఆయన గుసగుసలతో గట్టెక్కినవారే. “అరె, మన కాలు కేసు!” అని లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. పట్టుకున్న చేతిలో బలం లేదని ఒక్కరికీ తెలియలేదు. కాలికి మందు రాశారు.

“నువ్వు చెప్పిచ్చిన సదువే కదా, అనుభవించు” అంది సిద్దమ్మ.

ఆ ఏటి పరీక్షకు అలాగే పోయాడు. నిఖిత అనే అమ్మాయి వచ్చింది. ఆయన నోరు తెరవగానే, “చెప్పొద్దు పెద్దాయనా. నేనే చూస్తా” అంది.

ఓబుళేసుకు తల కొట్టేసినట్టయింది. ఇంత అనుభవాన్ని కాదన్న పిల్లకు సున్నా ఖాయమనుకున్నాడు. ఆమె నిజంగానే కొలిచింది, రెండుసార్లు. ఆయన ఎడమచేత్తో పంచె సర్దుకోవడం చూసి ఆగింది.

“కుడిచేతికి ఏమైంది?”

“దాని జోలికి పోవద్దు పాపా. కేసు కాలు.”

ఆమె వినలేదు. బొటనవేలి కింద కండ కరిగి గుంటపడి ఉంది. మణికట్టు వంచి నిమిషం పట్టుకుంటే వేళ్లలో చీమలు పాకినట్టయింది.

“ఈడ నరం నొక్కుకునింది. ఆలస్యం చేస్తే పట్టు మళ్లీ రాదు.”

ఇంతలో ప్రొఫెసర్ లక్ష్మీపతి వచ్చారు. “కాలు ఎంత పొట్టి?”

“ఒకటిన్నర సార్. కానీ చెయ్యి...”

“చెయ్యి ఎవరడిగారు? పదకొండేళ్లుగా రెండున్నర. నీ కోసం ఎముక పెరిగిందా?” ఎర్ర పెన్ను తీశారు.

ఆ పిల్ల ఫెయిలైతే తన చేతి మాటా ఆ కాగితంతోనే పోతుందని ఓబుళేసుకు అర్థమైంది. కాలేజీ మర్యాద సంగతి పక్కన పెట్టాడు.

“సార్, ఆ రెండున్నర ఎవురూ కొలిచింది కాదు. మొదటేడు ఒగ పిల్లోడు నోటికొచ్చింది చెప్పినాడు, మీరు మార్కులేసినారు. నేను దాన్నే పట్టుకొని అందరికీ చెప్పినా. ఈ పాప ఒక్కతే కొలిచింది.”

లక్ష్మీపతి టేపు అందుకున్నారు, పదకొండేళ్లలో మొదటిసారి. ఒకటిన్నర. ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని ఆ కుడిచేతిని తిప్పి తిప్పి చాలాసేపు చూశారు.

వారంలో చేతికి ఆపరేషన్ అయింది. కాలేజీ ఆయన్ను మళ్లీ పరీక్షలకు పిలవలేదు. చదువుల గౌరవం కాపాడాలని, బళ్లారి అవతలి నుంచి కన్నడం తప్ప మరో మాట రాని మోకాలి కేసునొకదాన్ని తెచ్చుకుందట.

ఓబుళేసు మరో నాలుగేళ్లు మిషన్ పట్టాడు. ఆయన పోయి రెండేళ్లయింది. పోయే ముందురోజు కూడా సంగటి ముద్ద కుడిచేత్తోనే తుంచుకున్నాడు.