ముందు వదిలిన జాగా

మా ఫొటో సార్ పోయారు. చందానగర్ మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు పైన ఏళ్ల తరబడి స్టూడియో నడిపి, ఆదివారాలు మాలాంటి ఉద్యోగస్తులకు ఫొటోలు తియ్యడం నేర్పిన మనిషి. ఆ పొద్దున నేను హైటెక్ సిటీలో ఆఫీసు మీటింగులో ఉండగా సార్ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. బయటికొచ్చి ఎత్తేసరికి, "అక్కా, నాన్న పోయిండు. పండుకున్నట్టే పోయిండు" అంది. నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఎందుకంటే ఆయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని చెప్పింది నేనే.

ఆ సంగతికి వస్తాను. ముందు సార్ ఎలాంటివారో చెప్పాలి. లేకపోతే నేనెందుకు అలా చెప్పానో, ఇవాళ్టికీ ఆ మాట నన్నెందుకు వదలట్లేదో మీకు అర్థం కాదు.

నాది పుట్టుకతో వచ్చిన కంగారు. కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి మదీనాగూడలో అద్దెకు దిగిన కొత్తలో, ఆఫీసుకు వెళ్ళే దారి కూడా రోజూ ఫోన్‌ని అడిగేదాన్ని. ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అని తేల్చుకునేలోపు వెనక హారన్లు మోగేవి. ఏదైనా వ్యాపకం ఉంటే మనసు కుదుటపడుతుందని స్నేహితురాలు చెబితే, ఒక పాత కెమెరా కొనుక్కుని సార్ దగ్గర చేరాను. మనసు కుదుటపడ్డ మాట దేవుడెరుగు, ఫోకస్ కుదిరిందో లేదో అనే కొత్త బెంగ ఒకటి తోడైంది.

మొదటి పాఠం బోరబండ రైల్వే స్టేషన్లో. ప్లాట్‌ఫాం మీద పూలగంప నెత్తిన పెట్టుకుని ఒకామె గబగబా పోతోంది. తీశాను. సార్ భుజం మీది తువాలు తలమీదుగా కప్పుకుని, ఎండ పడకుండా కెమెరా తెర చూసేవారు. పాతకాలం పెట్టె కెమెరాల దగ్గర అబ్బిన అలవాటది. ఆ తువాలు లోపలి నుంచే అడిగారు.

"గిదేంది బిడ్డా, నీ బొమ్మల మనుషులు పొయ్యి పొయ్యి గోడకు గుద్దుకుంటున్నరు?"

నిజమే. గంపామె ముక్కు ఫొటో కుడి అంచుకు ఆనుకుని ఉంది. ఆమె వెనక ప్లాట్‌ఫాం అంతా ఖాళీ. సరిగ్గా పడాలి, సరిగ్గా పడాలి అనుకుంటూ నేను మీట నొక్కేసరికి ఆమె దాటిపోయింది.

"ఆమె ఎటు పోతున్నది?"

"మెట్ల వైపండి."

"మరి మెట్లేవి? ఆమెకు జాగా ఏది? వచ్చిన తొవ్వ అయిపాయె, దానికింత జాగెందుకు? పొయ్యే దిక్కు ఇడువు."

ఆయన విద్యంతా ఇదే. నడిచేది ఏదైనా, చూసేది ఎవరైనా, వాళ్ళ ముందు కొంత చోటు వదలాలి. అప్పుడు కదలని బొమ్మ కూడా కదులుతుంది. అదే మనిషికి ఆ ఖాళీ వెనక ఉంచితే ఏదో వదిలేసి పారిపోతున్నట్టుంటుంది, ముందు ఉంచితే ఎక్కడికో చేరబోతున్నట్టుంటుంది. రెయిలింగు గానీ, ప్లాట్‌ఫాం అంచు గీత గానీ, సాయంత్రపు నీడ గానీ, ఏది దొరికితే దాన్ని ఆ మనిషి పోయే వైపుకే తిరిగేలా నిలబడి తీసేవారు. చోటు కుదిరేదాకా ఆయన అటూ ఇటూ జరుగుతుంటే, ఎక్కడ పట్టాల మీద పడతారోనని నేను ఆయన చొక్కా పట్టుకునేదాన్ని.

మీట నొక్కే ముందు ఎవరినైనా సరే "ఎటు పోతున్నవ్?" అని అడిగేవారు. వాచ్‌మన్‌నీ అడిగేవారు, పెళ్ళికొడుకునీ అడిగేవారు. జవాబు చెప్పబోతూ వాళ్ళ కళ్ళు తమకు తెలియకుండానే అటు తిరిగేవి. అప్పుడు నొక్కేవారు.

ఒకసారి స్టూడియోలో నా ఎదుటే ఒక పెద్దాయన తగాదాకు వచ్చాడు. కూతురి పెళ్ళిలో అప్పగింతలప్పటి ఫొటో అది. పెళ్ళికూతురు ఒక మూలకుంది, మిగతాదంతా ఖాళీ రోడ్డు, చివర తలుపు తెరిచిన కారు.

"సగం ఫొటో ఉత్తగనే ఉంది. గా ఖాళీ కోసేసి మా బిడ్డను పెద్దగ చెయ్యరాదు?" అన్నాడు.

"ఆ జాగా నీ బిడ్డది. నేను కొయ్య" అన్నారు సార్.

ఇక ఈ మనిషి ఫొటోలు మొహాన కొట్టి పోతాడు, బజారంతా చెబుతాడు అని నేను బెదిరిపోయాను. ఆ పెద్దాయన ఫొటోలోని ఖాళీ రోడ్డు మీద వేలు పెట్టి కారు దాకా జరిపాడు. తర్వాత కండువాతో ముక్కు తుడుచుకుని, దాన్ని అలాగే ఫ్రేము కట్టించుకుపోయాడు.

ఆఫీసులు వదిలే వేళకి మా ఆఫీసు దగ్గరికి కూడా ఒకసారి వచ్చారు. మెట్రో మెట్ల వైపు జనం వరద కట్టింది. అందరి తలలూ ఫోన్లలోకి వంగి ఉన్నాయి.

"ఎవరూ ఎటూ చూడట్లేదండి. ఇక దిక్కు ఎలా చూపిస్తాం సార్?" అన్నాను.

"మొకం అబద్ధమాడుతది గని చెప్పులు ఆడవు. కాళ్ళు తియ్" అని ఫుట్‌పాత్ మీద చతికిలబడ్డారు. దూరం నుంచి సెక్యూరిటీ అతను రావడం చూసి నేను కెమెరా చున్నీలో దాచేశాను. సార్ నవ్వారు. "జర ఫికర్ తక్కువ చెయ్ బిడ్డా. పరేషాన్ అయ్యేటోనికి తొవ్వ తెల్వక కాదు. అన్ని తొవ్వలల్ల ఒక్కపారే పోవాలనుకుంటడు, గంతే." నన్ను గురించి నాకు అంత సరిగ్గా చెప్పినవాళ్ళు వేరే లేరు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఇంకొన్నాళ్ళు ఉంచమన్నారు డాక్టర్లు. ఉంచితే తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు. ఇంటికి తీసుకెళితే మాత్రం ఏమీ చెప్పలేమన్నారు. నేను వెళ్ళేసరికి అమ్మ, అంటే సార్ భార్య, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు నిమురుతోంది. కూతురు నన్ను పక్కకు పిలిచింది.

"ఇంటికి పోదామా నాన్నా అంటే తల ఊపుతుండు. ఈడ్నే ఉందామా అంటే గూడ ఊపుతుండు. నాన్నకు ఏది కావాల్నో నాకెట్ల తెలుస్తదక్కా? ఒక్కటి మాత్రం, పొద్దున ఎడంచేతికి ఫోన్ ఇస్తే బొమ్మలు తీసిండు. జర చూడు."

చూశాను. పైకప్పు, దుప్పటి, కూతురి గడ్డం, అన్నీ చెదిరిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం నిలకడగా వచ్చింది. ఆయన పాదాలు, సెలైన్ స్టాండు కుడి మూలకు ఇరుక్కుని ఉన్నాయి. అక్కడి నుంచి ఎడమకు ఖాళీ నేల, నేల మీద పలకల గీతలు. ఆ గీతలన్నీ పోయి పోయి తలుపు దగ్గర ఆగాయి.

"చిన్నప్పటి సంది చూస్తున్న గని నాన్న బొమ్మ నాకు సమజ్ కాదు. నువ్వు నేర్చుకున్నవ్. నువ్వే చెప్పు" అంది ఆ పిల్ల.

ఆఫీసులో ఒక బటన్ ఏ రంగులో ఉండాలన్నా నలుగురిని అడిగే మనిషిని నేను. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. ఎడంచేతిలో ఫోన్ జారి అలా పడిందేమో, నేను చదవాలనుకున్నదే చదువుతున్నానేమో. వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగి, "ఎటు వెళ్తున్నారు సార్?" అని అడిగాను. ఆయన తల ఊపలేదు. కళ్ళు తలుపు వైపు తిప్పారు. సరిగ్గా అప్పుడే నర్సు లోపలికి వచ్చింది. చూసింది తలుపునో, నర్సునో నాకు తెలియలేదు.

అయినా చెప్పాను. "ఇంటికే."

ఆ సాయంత్రమే ఇంటికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆయన ఎన్నాళ్ళో లేరు. ఫోన్ మోగితే చాలు నా ప్రాణం గిలగిల్లాడేది. చివరికి మోగనే మోగింది.

దినం నాడు వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే లోపల ఎవరో బంధువు అంటున్నాడు. "దవాఖానల ఉంచితే ఇంకిన్ని దినాలు బతుకుతుండె." సార్ కూతురు నన్ను చూసి తల దించుకుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. కానీ అమ్మ అప్పటికే నన్ను చూసింది. లోపలి గదిలోకి రమ్మని చెయ్యి ఊపింది. ఏమన్నా పడాల్సిందే అనుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఆవిడ దిండు కింద నుంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"పోయే ముంగటి దినం తీసిండు. జావ తాగిపిస్తుంటే ఫోన్ కావాలని సైగ జేసిండు. చూడు బిడ్డా, మంచిగ రాలే."

ఫొటోలో అమ్మ ఉంది. ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో చెంచా, కొప్పు వదులై జుట్టు చెంప మీద పడింది. నేరుగా ఆయన్నే చూస్తోంది. నా కళ్ళు ఆదుర్దాగా ఖాళీ జాగా ఎటుందా అని వెతికాయి. ఎడమ వైపు ఎంత గోడ ఉందో కుడి వైపూ అంతే ఉంది. మళ్ళీ చూశాను. అంతే ఉంది.

"నడిమిట్ల పెట్టిండు. పానం బాగలేక, జాగా ఇడువుడు మర్సినట్టున్నడు" అంది అమ్మ.

"మర్చిపోలేదమ్మా." ఫోన్ ఆవిడ వైపు తిప్పాను. "మీరు చూసే దిక్కున ఆయనే ఉన్నారు. ఎక్కడికీ వెళ్ళాలని లేదు ఆయనకి."

అవతలి గదిలో ఆ బంధువు ఇంకా అదే మాట అంటున్నాడు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, కొంగుతో తుడిచి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తెర ఆరిపోయింది. బొటనవేలితో తాకింది. తెర మీద మళ్ళీ తానే, గిన్నె పట్టుకుని, ఎదురుగా చూస్తూ.