కర్రకు వినిపించేది

"...కుట్టుమిషను గడగడలాడుతుంటే మాత్రం ఎలా వినిపించింది మీకు? అది చెప్పండి ముందు! పొద్దున మీకు వీపు పెట్టి, పెడలు తొక్కుతూ, కత్తెర ఎక్కడ పెట్టారని అడిగితే లోపలి గదిలోంచి 'కిటికీలో ఉంది' అన్నారు. నిన్న సాయంత్రం పక్కన కూర్చుని, ఇంట్లో చీమ చిటుక్కుమనని వేళ చెప్తే వినిపించలేదా?"

"నువ్వు చెప్పలేదు."

"చెప్పాను. మీరు 'ఊఁ' అన్నారు."

ఆయన దానికీ ఏదో అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తనే. కోపంలో మరీ మెత్తబడుతుంది.

"రేపు నాలుగింటికి బస్టాపుకి రండి, రెండు మూటలుంటాయి, ఒక్కదాన్నే మోయలేను అన్నాను. ఊఁ అన్నారు. వానలో గంటసేపు నిలబడ్డాను. బడిపిల్లల చొక్కాల గుడ్డ మొత్తం తడిసి ముద్దయింది. భూమిలో నాలుగడుగుల కింద నీటిచుక్క కారితే పాము చెవులు మీవి. పక్కనున్న పెళ్ళాం నోరు తెరిస్తే గోడ. వినిపించక కాదు, చెవిన వేసుకోక."

గోడవారన కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్న అత్తగారు తలెత్తింది. కోడలి ముఖం చూసి, ఏదో అడిగిందనుకుని, నవ్వుతూ "ఊఁ" అంది.

"ఇదిగో, తల్లీకొడుకులిద్దరికీ ఒకటే మంత్రం," అని కోడలు తడిగుడ్డ విప్పి తీగ మీద ఆరేయడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ తప్పేమీ లేదు. ఆయన వినికిడి మీద ఆఫీసంతా ఒట్టేసి చెబుతుంది. నీళ్ళ ఆఫీసులో ఆయనకు కర్ర మేస్త్రి అని పేరు. పేరు కర్రే గానీ అది అయిదడుగుల ఉక్కు కడ్డీ. ఒక చివర మొన, రెండో చివర అరచేతిలో పట్టే చెక్క గిన్నె. ఊరి నీళ్ళ గొట్టాలన్నీ మట్టి కింద ఉంటాయి. ఎక్కడో ఒక అతుకు వదులుతుంది. ఆ నీరు పైకి వచ్చి కనిపిస్తే సంతోషమే. చాలాసార్లు రాదు, మట్టిలోనే దారి వెతుక్కుని పోతుంది. అప్పుడు మేస్త్రి తెల్లవారుజామున, బళ్ళు రోడ్డెక్కకముందే బయలుదేరి, వాల్వు మూత లేపి, కడ్డీ మొన వాల్వు మీద ఆనించి, రెండో చివర తలకు ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. గొట్టం బాగుంటే ఒక మొద్దు హోరు. ఎక్కడైనా కారుతుంటే ఆ హోరులో సన్నని బుస. ఒక్కో వాల్వూ దాటుతూ, బుస ఎటు పెరుగుతుందో చూసుకుంటూ వెళ్ళి, చివరికి రోడ్డు మీద సున్నపు ముక్కతో గీత గీస్తాడు. అక్కడ తవ్వుతారు. ఇరవై రెండేళ్ళలో ఆయన గీత గీసినచోట నీళ్ళు పడని గొయ్యి చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మిగతావాళ్ళు గిన్నెను చెవిరంధ్రానికి ఆనించుకుంటారు. మేస్త్రి చెవి వెనక ఎముకకు ఆనించుకుంటాడు. కొత్తగా చేరినవాళ్ళకు దాన్ని మేస్త్రి పద్ధతి అని చూపించేవారు. వాళ్ళు ప్రయత్నించి, మాకు రాదులే అని వదిలేసేవారు. అది పద్ధతి కాదని ఆయనొక్కడికే తెలుసు. ఏడేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున గిన్నెలోంచి బుస పలచబడినట్టు అనిపించింది. కడ్డీకి తుప్పు పట్టిందేమో అని గరుకు కాగితంతో తోమాడు. గిన్నె మార్పించాడు. ఒకరోజు చెమటకు గిన్నె జారి చెవి వెనక ఎముకకు తగిలింది. బుస తల నిండా వినిపించింది. ఆ తర్వాత గిన్నెను మళ్ళీ రంధ్రం దగ్గరకు తీసుకురాలేదు. ఎందుకని తనను తాను అడగలేదు కూడా. మనిషి కొన్ని మూతలు లేపడు.

ఆఫీసులో ఆయనకు ప్రాణస్నేహితుడు డ్రిల్లన్న. గీత గీసినచోట రోడ్డు పగలగొట్టే గట్టిపిండం. పాతికేళ్ళు డ్రిల్లుతో బతికినవాడు కనుక మామూలు మాట కూడా నూతిలోంచి పిలిచినట్టు అరిచి చెబుతాడు. ఆఫీసులో అందరూ అతనికి ఆమడదూరం జరిగితే మేస్త్రి మాత్రం పక్కనే కూర్చునేవాడు. వాళ్ళ స్నేహానికి మూలం అదేనని ఇద్దరికీ తట్టలేదు.

బస్టాపు గొడవైన మూడోరోజు, కూరగాయల సంత వెనక సందులో మేస్త్రి వాల్వు దగ్గర గొంతుక్కూర్చుని వింటున్నాడు. ఎడమవైపు నుంచి ఒక లారీ వెనక్కి వస్తోంది. హారను కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొట్టింది. డ్రిల్లన్న పరుగెత్తుకొచ్చి చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగేసరికి లారీ చక్రం వాల్వు మూత మీదెక్కింది. ఇనుప మూత అప్పడంలా వంగింది.

"మూడుసార్లు కొట్టాడు మేస్త్రీ! మూడుసార్లు!"

"కర్రలో ఉన్నాను కదా."

"కర్రలో ఉంటే ఆ లారీ అదురు వినబడలేదా?"

మేస్త్రికి వినిపించింది నిజమే. అదురు కడ్డీలోంచి వచ్చింది. గొట్టంలో ఏదో పెద్ద చప్పుడు అనుకున్నాడు. గాలిలోంచి మాత్రం ఏమీ రాలేదు.

సాయంత్రం డ్రిల్లన్న ఇంటికొచ్చి, గుమ్మంలోనే, "చెల్లెమ్మా, నీ పసుపూ కుంకుమా ఇవాళ నా చేతుల మీద నిలిచాయి," అని వీధివీధంతా వినేలా మొత్తం చెప్పాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు. మేస్త్రికి దాంతోనే భయం వేసింది. తెల్లారి లేచేసరికి టోపీ కింద కొలతల చీటీ ఒకటి కనిపించింది. ఒకపక్క ఎవరిదో భుజం, నడుము, చేతి పొడుగు. వెనకవైపు ఆవిడ దస్తూరీ: చెవుల డాక్టరు. పదకొండు గంటలకి. నేనూ వస్తున్నాను.

"చెవిలో నాకేం లేదు," అన్నాడాయన.

ఆవిడ ఆయన ముందుకొచ్చి, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాటా గట్టిగా పలికింది. "ఉందో లేదో వాళ్ళు చెబుతారు."

"ఉందని తేలితే? ఇంజనీరు నా చేతిలో కర్ర తీసుకుని గేటు దగ్గర కుర్చీ వేస్తాడు. చెవిటివాడి మాట మీద రోడ్డు ఎవడు తవ్వుతాడు?"

"మీటరు రీడరు కళ్ళజోడు పెట్టుకోడా? ఆయన చెప్పిన అంకె మానేసి పక్కింటాయన్ని అడుగుతున్నారా?"

చెవుల డాక్టరు నడివయసు మనిషి. ముందు దీపంతో రెండు చెవుల్లోకీ చూసింది. "గుబిలి లేదు. చాలామందికి అది తీస్తే సరిపోతుంది. కర్ణభేరి కూడా శుభ్రంగా ఉంది," అంది. తరవాత అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. మేస్త్రి ఎదురుచూశాడు. చాలాసేపు ఎదురుచూశాడు. అద్దం అవతల భార్య తనకంటే ముందు తలాడిస్తోందేమో అనిపించి అటు చూడడం మానేశాడు. తరవాత ఒక చిన్న బిళ్ళ తెచ్చి చెవి వెనక ఎముక మీద బిగించారు. ఈసారి చప్పుళ్ళు వరసగా వచ్చాయి. నొక్కుతూనే పోయాడు.

డాక్టరు రెండు కొమ్ముల శ్రుతిదండాన్ని మోచేతికి కొట్టి చెవి ముందు పట్టింది. "వినిపిస్తోందా?"

"ఎక్కడో ఉంది."

దాని కాడను చెవి వెనక ఆనించింది. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. మెల్లగా అన్నాడు. "ఇది నా కర్రేనండి."

కర్ర సంగతి చెప్పించుకుని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసింది. బయట దొప్ప, దాంట్లోంచి సొరంగం, చివర కర్ణభేరి. దాని వెనక మూడు ఎముకలు గొలుసుకట్టుగా. సుత్తి, కమ్మరి పట్టెడలాంటి దాగలి, గుర్రపు రికాబులాంటి అంకవన్నె. చివరిది బియ్యపుగింజలో సగం కూడా ఉండదు. కర్ణభేరి అదిరితే సుత్తి కదులుతుంది, సుత్తి దాగలిని కదుపుతుంది, అంకవన్నె లోపలి గది కిటికీని తడుతుంది. ఆ గది నత్తగుల్లలా చుట్టలు తిరిగి ఉంటుంది.

"ఆ గుల్లలో ఏముంటుంది?" అడిగాడు మేస్త్రి.

"నీళ్ళలాంటి ద్రవం. అది కదిలితే దాంట్లో ఉన్న సన్నని నూగు ఊగుతుంది. ఆ ఊగడమే నరం మెదడుకు చెబుతుంది."

మేస్త్రి ఆ బొమ్మను కాసేపు వదల్లేదు. "చివరికి నీళ్ళేనన్నమాట."

"మీ గుల్ల బాగుంది. అంకవన్నె కిటికీకి అతుక్కుపోయింది, కదలడం లేదు. గాలిలో వచ్చిన చప్పుడు అక్కడ ఆగిపోతోంది. ఎముక మీద పెడితే దారి తప్పించుకుని తిన్నగా గుల్లలోకి పోతోంది."

"మెయిన్ లైను బాగుంది, వాల్వు బిగుసుకుంది."

"అంతే. అందుకే మీ గొంతు మీకు పెద్దగా వినిపిస్తుంది, మెల్లగా మాట్లాడతారు. చప్పుడున్న చోట బాగా వింటారు కూడా. మిగతావాళ్ళు ఆ రొదకి గొంతు పెంచుతారు, రొద మిమ్మల్ని అంతగా ఇబ్బంది పెట్టదు."

భార్య చేతిసంచి తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. కుట్టుమిషను గురించి ఆవిడ ఏమీ అనలేదు.

వెంట వచ్చిన డ్రిల్లన్న తలుపులోంచి తొంగిచూసి, "అమ్మా, నా చెవిలో పొద్దస్తమానం ఈల కూస్తుంది. నాకూ ఆ ఎముకేనా?" అని ఆసుపత్రి అదిరేలా అడిగాడు. అతన్నీ కూర్చోబెట్టి చూశారు. అతనికి బిళ్ళ పెట్టినా పెట్టకపోయినా కాగితం మీద వినికిడి గీత ఒకటే. "మీకు గుల్లలోని నూగే రాలిపోయింది. డ్రిల్లు చప్పుడుకి. అది మళ్ళీ మొలవదు. ఉన్నది దక్కించుకోవాలంటే రేపటి నుంచి చెవులకు మూతలు లేకుండా డ్రిల్లు ముట్టుకోకండి," అంది డాక్టరు. డ్రిల్లన్న మొదటిసారిగా మెల్లగా, "ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు.

మేస్త్రికి రెండు దారులు చెప్పింది. ఒకటి చెవి మిషను. రెండోది ఆపరేషను. బిగిసిన ఎముక తీసి ఒక చిన్న కమ్మీ పెడతారు. చాలామందికి బాగవుతుంది. నూటికొకరికి లోపలి గుల్లే దెబ్బతినవచ్చు.

"అప్పుడు కర్ర కూడా?"

"ఆ చెవికి కర్ర కూడా వినిపించదు."

డాక్టరు కాగితం మడుస్తూ అడిగింది. "ఇది వంశంలో వచ్చే జబ్బు. ఇంట్లో ఎవరికైనా చెవుడు ఉందా?"

మేస్త్రి లేదని తల ఊపబోయాడు. భార్య అంది. "మా అత్తయ్యకి. నేను కాపురానికి వచ్చేనాటికే."

ఇంటికి వచ్చేదాకా ఆయన అదే తలపోశాడు. అమ్మకి చెవుడు అన్నది ఆ ఇంట్లో వాకిట్లో మెట్టు లాంటిది. అందరూ దాటుకుంటూ పోయేవారు. చిన్నప్పుడు తనూ తమ్ముడూ ఆమె వెనక నిలబడి, వినదని తెలిసి, నోటికొచ్చింది అని కిసుక్కున నవ్వుకునేవారు. ఆమె వెనక్కి తిరిగి, పిల్లలు నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వి, "ఊఁ" అనేది. తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచే వినికిడి తగ్గిందని అమ్మమ్మ అంటుండేది. అప్పటికి అమ్మకు ముప్పై కూడా లేవు. అప్పటి నుంచి నలభై ఏళ్ళు. ఒక్కరూ ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళలేదు. గొట్టాల్లో చప్పుడు వెతుకుతూ ఊరంతా తిరిగినవాడు తీసుకెళ్ళలేదు.

మర్నాడు డ్యూటీ దిగాక కర్రను సైకిలుకు కట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆఫీసు సొత్తు ఇంటికి తేకూడదు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ తేలేదు.

భార్య కుట్టుమిషను మీద ఉంది. తల్లి గోడవారన గుండీలు కుడుతోంది. గోడ వెంట పైఅంతస్తు ట్యాంకుకు వెళ్ళే గొట్టం ఉంది. మోటారు నడుస్తోంది. మేస్త్రి తల్లి పక్కన కూర్చుని, ఆమె చేతిలోంచి సూది తీసి పక్కన పెట్టి, కడ్డీ మొన గొట్టానికి ఆనించి, చెక్క గిన్నెను ఆమె చెవి వెనకకు తెచ్చాడు. ఆమె భయంగా తల వెనక్కి తీసుకుంది.

"ఏంట్రా ఇది? కొడతావా ఏంటి?"

ఆయన తన చెవి వెనక పెట్టుకుని చూపించాడు. మళ్ళీ ఆమెకు పెట్టాడు. భార్య పెడలు మీద కాలు ఆపేసింది.

తల్లి ముఖం ముందు ఏమీ మారలేదు. తరవాత కళ్ళు గొట్టం వెంట పైకి వెళ్ళాయి. ఒక చెయ్యి ఎత్తి, ఎవరూ మాట్లాడవద్దన్నట్టు పట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె అలా చెయ్యి ఎత్తడం ఎవరూ చూడలేదు.

"నీళ్ళు పోతున్నాయి," అంది. ఇంకాసేపు విని, "ఎవరో లోపల పరిగెడుతున్నట్టుంది," అంది.

మోటారు ఆగింది. గొట్టంలో నీళ్ళు సద్దుమణిగాయి. ఆమె గిన్నెను వదల్లేదు. అందులో ఇక ఏమీ రావడం లేదని అర్థమయ్యాక కొడుకు వైపు తిరిగింది.

"రోజూ నువ్వు వినేది ఇదేనా?"

ఆ మాట ఆమె మెత్తటి గొంతుతో అంది. ఆయనకు వినిపించలేదు. పెదవుల్ని బట్టి అందుకున్నాడు. ఊఁ అనబోయి ఆగాడు.

"ఇదేనమ్మా," అన్నాడు.

కడ్డీని గోడకు ఆనించి లేచాడు. భార్య వైపు తిరిగాడు. ఆమె ఇంకా సూది కింద గుడ్డను అలాగే పట్టుకుని కూర్చుంది. ఆయన డ్రిల్లన్న మాట్లాడినట్టు, ఇల్లంతా వినబడేలా గొంతెత్తాడు.

"సోమవారం సెలవు పెడుతున్నాను. అమ్మని డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాను. నాకు ఆపరేషను వద్దు, మిషనే. మంగళవారం నుంచి అది చెవికి పెట్టుకునే డ్యూటీకి వెళతాను. ఇంజనీరుకి పొద్దున నేనే చెబుతాను."